మా ఇంటిలోనికి తుపాకి వచ్చిన తరువాత

కొన్ని నెలల క్రిందట తెనాలి నుండి ఒక తండ్రి మాకు ఫోను చేశారు. ఆయన కుమారుడు అమెరికాలో, మేము పరిచర్య చేస్తున్న డాలస్ పట్టణ పరిసరములలోనే కాపురముంటున్నాడు. "అయ్యగారూ, మావాడు ఇంట్లోకి తుపాకి కొన్నాడట. కోడలు చెప్పి ఏడ్చింది. మీరు ఒకసారి వెళ్ళి బుద్ధి చెప్పండి" అన్నారు.

ఆ పెద్దాయనకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకనగా మా ఇంటిలో కూడ ఒక తుపాకి ఉన్నది. ఈ సంగతి మా సంఘములో కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. ఇండియాలో ఉన్న మా బంధువులకైతే ఈ వ్యాసము చదివినప్పుడే తెలుస్తుంది. కాపరి ఇంట్లో తుపాకి ఏమిటని కొందరు నొచ్చుకొనవచ్చును. అయినను, పిల్లలను ఈ దేశమునకు పంపిన తల్లిదండ్రులు ఈ పత్రిక చదువుతున్నారు గనుక జరిగినది జరిగినట్లే వ్రాయుట మంచిదని తోచింది.

2019వ సంవత్సరము శరత్కాలములో ఒక ఆదివారము మా సంఘ కుటుంబమొకటి ఆరాధన ముగించుకొని ఇంటికి వెళ్ళేసరికి వెనుక తలుపు పగులగొట్టి ఉన్నది. పెళ్ళినాటి బంగారమంతా పోయింది. ఇంట్లో ఎవరూ లేరు గనుక ప్రాణములకు ముప్పు రాలేదు. కాని ఆ సహోదరి ఆ తరువాత ఒంటరిగా ఇంట్లో ఉండలేకపోయింది. మన వారి ఇండ్లలో బంగారముంటుందని ఇక్కడి దొంగలకు బాగా తెలుసు. 2011 నుండి 2014 వరకు జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిచిగన్, టెక్సాస్ రాష్ట్రములలో ఆసియా, ఇండియా కుటుంబములనే ఏరుకొని ఇండ్లలో చొరబడిన ముఠా ఒకటి ఉండేది. మనుష్యులు ఇంట్లో ఉండగానే చొరబడి, వారిని కట్టివేసి దోచుకొన్నారు. ఆ ముఠా నాయకురాలికి 2019లోనే 37 సంవత్సరముల శిక్ష పడింది. ఆ వార్త, మా సంఘములో జరిగిన ఈ దొంగతనము ఒకే సంవత్సరములో వినేసరికి మా శ్రీమతికి నిద్ర పట్టలేదు. అప్పటికి మా అబ్బాయి కళాశాలకు వెళ్ళిపోయాడు. అమ్మాయికి పదమూడేండ్లు. మేము ఆసుపత్రులకు, ప్రార్థన కూటములకు వెళ్ళి రాత్రి ఆలస్యముగా వచ్చే రోజులు ఎక్కువ.

తుపాకికి ముందు చేయవలసిన పనులు చేశాము. బంగారము బ్యాంకు లాకరులో పెట్టాము. తలుపు గడియ దిగే ఇనుప పట్టీకి కంపెనీవారు బిగించిన పొట్టి మరలు తీసి, లోపలి దూలము దాక పోయే మూడంగుళముల మరలు బిగించాము. ఈ ఒక్క పనికి పది డాలర్లు కూడ కాలేదు. తలుపును తన్ని తెరుచుట మాత్రము చాల కష్టమవుతుంది. పెరటిలో మనిషి కదిలితే వెలిగే దీపములు పెట్టించాము. ఇవన్నీ అయ్యాక కూడ మా శ్రీమతి, "ఏమండీ, మీరు లేనప్పుడు వాళ్ళు లోపలికే వస్తే నేను, పాప ఏం చెయ్యాలి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేదు.

తుపాకి కొనుటకు ముందు లేఖనములు చూచితిరా అని అడిగేవారుంటారు. చూచాము. నిర్గమకాండము 22వ అధ్యాయము ఆరంభములో దొంగను గూర్చిన ఆజ్ఞ ఉన్నది. రాత్రివేళ కన్నము వేయుచుండగా దెబ్బ తగిలి దొంగ చనిపోతే కొట్టినవానిమీద రక్తాపరాధము లేదు. సూర్యుడు ఉదయించిన తరువాత అయితే ఉన్నది, దొంగ సొమ్ము తిరిగి ఇచ్చుకోవాలి. చీకటిలో వచ్చినవాడు సొమ్ముకు వచ్చాడో ప్రాణమునకు వచ్చాడో తెలియదు గనుక ఆ భేదమని మేము గ్రహించాము. టెక్సాస్ చట్టము ఇంతకంటె ఉదారముగా ఉన్నది. రాత్రివేళ దొంగిలించి సొత్తుతో పారిపోతున్నవాని మీద కూడ కొన్ని షరతులతో ప్రాణాంతకమైన బలము వాడవచ్చునని ఇక్కడి శిక్షాస్మృతిలో ఉన్నది. చట్టము ఒప్పుకొన్నా మేము ఒప్పుకోలేము. పారిపోయేవాడు పోనీ, గాజులు పోనీ అని భార్యాభర్తలము ముందే మాట్లాడుకొన్నాము. ఈ మాట కొనకముందే అనుకోవాలి. అర్ధరాత్రి అనుకొనేందుకు సమయముండదు.

మా చిన్నతనములో కృష్ణా జిల్లాలోని మా ఊరిలో ఒక పెద్ద రైతు ఇంట రెండు గొట్టముల తుపాకి ఉండేది. దానికి లైసెన్సు, దానికి మరల పునరుద్ధరణ, ఎన్నికలు వచ్చినప్పుడెల్లా దానిని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకొనుట, ఇదంతా ఊరంతటికీ ఒక వేడుక. ఇక్కడ అంగడిలో అరగంట పని. 4473 అనే సంఖ్య గల ఫారము నింపాలి. దుకాణదారుడు ఆ వివరములు ఎఫ్.బి.ఐ. వారికి తెలియజేస్తాడు. 1998 నుండి ఉన్న ఏర్పాటు ఇది. అమ్మవచ్చును, అమ్మరాదు, ఆగండి అని మూడింటిలో ఒక జవాబు వస్తుంది. మాకు ఆగండి అని వచ్చింది. మరునాడు అనుమతి ఇచ్చారు. టెక్సాసులో ఇంట్లో ఉంచుకొనే తుపాకికి ప్రత్యేక లైసెన్సు లేదు, ప్రభుత్వ రిజిస్టరులో నమోదు లేదు.

ఆ ఫారములో రెండు ప్రశ్నలను గూర్చి మన యువకులు తప్పక తెలుసుకోవాలి. మొదటిది వీసా. హెచ్-1 మీద గాని, విద్యార్థి వీసా మీద గాని ఉన్నవారు తుపాకి కొనరాదు, దగ్గర ఉంచుకొనరాదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నవి గాని, వకీలును అడుగకుండా వాటిని నమ్ముకొని వెళ్ళకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి అభ్యంతరము లేదు. మాకు 2014లో వచ్చింది. రెండవ ప్రశ్న, ఈ తుపాకి నిజముగా కొంటున్నది నీవేనా అని. మా సంఘములో ఒక తమ్ముడు, "అయ్యగారూ, నాకు వీసా అడ్డం. డబ్బులు నేనిస్తాను, మీ పేరు మీద తీసుకోండి" అని అడిగాడు. ఇండియాలో ఒకరి పేరు మీద మరొకరు సిమ్ కార్డు తీసుకొన్నట్లు అనుకొన్నాడు పాపము. అది ఇక్కడ జైలు శిక్ష పడే నేరము. అట్లు చేస్తే అబద్ధము వ్రాసి సంతకము చేసినవారము మేమే అవుతాము. కుదరదని చెప్పాము. కొన్ని వారములు మాతో సరిగా మాట్లాడలేదు, తరువాత అర్థము చేసుకొన్నాడు.

ఇంటి రక్షణకు షాట్‌గన్ మేలని ఇక్కడ చాలామంది చెబుతారు. పిస్తోలు గురి కుదరాలంటే ఎంతో సాధన కావాలి. భుజానికి ఆనించే పొడవైన తుపాకి కొత్తవారికి తొందరగా స్వాధీనమవుతుంది. దుకాణములో మొదట మా చేతికిచ్చినది 12 గేజి. మన ఊళ్ళలో పన్నెండు బోరు అనేదే అది. గొట్టము లోపలి వెడల్పుకు సరిగా సరిపడే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయి, అందుకని ఆ పేరు. ఇరవై తూగితే 20 గేజి. కాబట్టి అంకె పెరిగితే గొట్టము సన్నమవుతుంది. మా శ్రీమతి అయిదడుగుల మనిషి. 12 గేజి తుపాకి భుజానికి పెట్టుకొంటే చెయ్యి ముందుకు అందక, నడుము వెనుకకు వంగిపోయింది. అమ్మేవాడు నవ్వి ఆమెకు గులాబీరంగు పిస్తోలు చూపబోయాడు. ఆమెకు కోపము వచ్చింది. ఆ అంగడిలో కొనలేదు.

రెండవ అంగడిలో ఒక పెద్ద వయస్సు స్త్రీ అమ్మకములో ఉన్నారు. ఆమె ఏమీ అమ్మజూపకుండా ముందు, "ఇంట్లో ఎవరెవరు ఉంటారు? ఎవరు ఎక్కువగా ఒంటరిగా ఉంటారు?" అని అడిగారు. ఎవరు ఒంటరిగా ఉంటారో వారికి సరిపడే తుపాకి కొనుక్కోమన్నారు. భర్త పొట్టి తుపాకితో ఎట్లాగో సర్దుకొనగలడు, భార్య పొడుగు తుపాకితో సర్దుకొనలేదు. ఆ ప్రకారము మాస్‌బర్గ్ 500 అనే రకములో, భుజానికి ఆనించే భాగము పొట్టిగా ఉన్న 20 గేజి తుపాకి తీసుకొన్నాము. ముందుచేతితో పిడిని వెనుకకు లాగి ముందుకు నెట్టితే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికి వెళ్తుంది. తుపాకికి సుమారు నాలుగువందల డాలర్లు అయినది. పెట్టెకు, చెవిమూతలకు, శిక్షణకు, తూటాలకు కలిపి దాదాపు మరి అంత అయినది. ఆ రెండవ ఖర్చు పెట్టలేనివారు మొదటి ఖర్చు పెట్టవద్దని మా అభిప్రాయము.

సినిమాలు చూచి మనము నేర్చుకొన్న రెండు సంగతులు అబద్ధములని శిక్షణలో తెలిసింది. షాట్‌గన్ గుండ్లు గది అంతా చల్లినట్లు పడతాయి, గురి అక్కరలేదు అనుకొంటాము. ఏడు గజముల దూరములో కాగితము పెట్టి కాల్చి చూచాము. మూడవ నంబరు బక్‌షాట్ అనే తూటాలో పావు అంగుళము గుండ్లు ఇరవై ఉంటాయి. ఆ ఇరవై గుండ్లూ మన అరచెయ్యి చాపినంత మేరలోనే పడ్డాయి. గురి తప్పితే అన్నీ తప్పుతాయి. తప్పిన గుండ్లు ఎక్కడికి వెళ్తాయి? ఇది మమ్మును నిద్రపోనివ్వని ప్రశ్న అయినది. మన ఊళ్ళలో ఇటుక గోడలు. ఇక్కడి ఇండ్లలో లోపలి గోడలు కొయ్య చట్రమునకు అర అంగుళము జిప్సమ్ పలకలు బిగించినవి. బక్‌షాట్ అటువంటి గోడలు ఒకటి కాదు, వరుసగా కొన్ని దాటిపోతుంది. మా పడకగది తలుపులో నిలబడి చూస్తే నడవకు ఆవల సరిగా ఎదురుగా ఉన్నది మా అమ్మాయి మంచము.

ఆ రాత్రి టేపు పట్టుకొని ఇల్లంతా కొలిచాము. చివరకు అమ్మాయిని మా ప్రక్క గదికి మార్చి, ఆమె పాత గదిలో పుస్తకముల బీరువాలు పెట్టాము. ఏదైనా శబ్దమైతే అమ్మాయి మా గదికి రావాలి. తలుపు గడియ పెట్టి మంచము వెనుక మూలలో ముగ్గురము కూర్చోవాలి. ఒకరు 911కు ఫోను చేయాలి. ఇల్లు వెదకుతూ తిరుగుట మా పని కాదు, పోలీసుల పని. తలుపు పగులగొట్టుకొని లోపలికి వచ్చినవాని సంగతే మా సంగతి.

రెండవ అబద్ధము, పిడిని లాగిన శబ్దము వింటేనే దొంగ పారిపోతాడని. పారిపోవచ్చును, పారిపోకపోవచ్చును. శబ్దమును నమ్ముకొని ఖాళీ తుపాకి పట్టుకొనేవానిని ఏమనాలి?

అలవాటుపడుటకు ఒక సంవత్సరము పట్టింది. మొదటి రోజు మా శ్రీమతి అయిదు తూటాలు కాల్చి, భుజము పట్టుకొని కూర్చున్నది. ఇంటికి వచ్చి చూస్తే నల్లగా కమిలింది. మరునాడు ఆదివారము, బల్ల వద్ద పాత్రలు ఎత్తడానికి చెయ్యి లేవలేదు. ఎందుకని అడిగినవారికి ఏమి చెప్పాలో తెలియక తోటపని అని చెప్పబోయి, అబద్ధమెందుకని ఊరుకొన్నది. శిక్షకుడు ఆమెకు రెండు చిన్న మార్పులు చెప్పాడు. వెనుకకు వాలక ముందుకు వంగి నిలబడాలి, ముందుచేతితో తుపాకిని ముందుకు తోస్తూ, వెనుకచేతితో భుజములోనికి లాక్కోవాలి. బక్‌షాట్ ప్రక్కన పెట్టి, పక్షులకు వాడే తేలికైన తూటాలతో సాధన చేయాలి. అప్పటి నుండి కమలలేదు. ఆమె చేసిన మరొక పొరపాటు పిడిని పూర్తిగా వెనుకకు లాగకపోవుట. అప్పుడు తూటా మధ్యలో ఇరుక్కొని తుపాకి కర్రముక్కతో సమానమవుతుంది. నెమ్మదిగా లాగుట కంటె గట్టిగా, చివరిదాక లాగుటయే మేలు. చెవులకు లోపల దూది వంటి బిరడాలు, పైన మూతలు రెండూ పెట్టుకొనేవారము. ఆ శబ్దము ఒక్కసారి విన్నా వినికిడికి నష్టమే.

ఇంట్లో సాధనకు మందు లేని బొమ్మ తూటాలు దొరుకుతాయి. ఆ సమయములో నిజమైన తూటాలు ఆ గదిలోనే ఉండరాదని మా నియమము. తుపాకి చేతిలోనికి తీసుకొన్న ప్రతిసారి గొట్టము వెనుక గదిని కంటితో చూడాలి, చిటికెనవ్రేలితో తడిమి చూడాలి. ఒకరు చూచిన తరువాత రెండవవారు మరల చూడాలి. భర్తను నమ్మవా అని తగవు పడరాదు. మొదట్లో తగవు పడ్డాము.

గోడకు బిగించిన ఇనుప పెట్టెలో, అంకెల తాళముతో పెట్టాము. ముందు గదిలో తూటా ఉంచము. షాట్‌గన్ సేఫ్టీ మీట సాధారణముగా ట్రిగ్గరును మాత్రమే ఆపుతుంది. తుపాకి క్రింద పడితే ప్రేలదని నమ్మకము లేదు. టెక్సాస్ చట్ట ప్రకారము పదిహేడేండ్ల లోపు బిడ్డకు తూటాలున్న తుపాకి అందేటట్లు అజాగ్రత్తగా వదిలితే అది నేరము. అమ్మాయికి దాచకుండా అన్నీ చెప్పి, ఒకసారి రేంజికి తీసికొని వెళ్ళాము. ఒక తూటా కాల్చి, "మళ్ళీ వద్దు డాడీ" అన్నది. మంచిదే అన్నాము.

2021లో ఒక రాత్రి రెండు గంటలకు గ్యారేజి తలుపు లేచిన శబ్దమైనది. మా ఏర్పాటు ప్రకారమే అమ్మాయి పరుగెత్తి వచ్చింది. గడియ పెట్టి, మూలలో కూర్చొని, తుపాకి తీశాము. చేతులు వణికి పెట్టె అంకెలు మొదటిసారి తప్పు నొక్కాము. మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇంగ్లీషులో కేక వేయాలని శిక్షణలో చెప్పారు. మా శ్రీమతికి ఆ క్షణములో ఇంగ్లీషు రాలేదు. "ఎవరది?" అని తెలుగులో అరిచింది. "అమ్మా, నేనే" అని మా అబ్బాయి గొంతు. పరీక్షలు ముందే అయిపోయినవట. ఉదయము లేచేసరికి కనబడి సంతోషపెడదామని, చెప్పకుండా ఆస్టిన్ నుండి కారు నడుపుకొని వచ్చాడు. తుపాకిలోని తూటాలన్నీ తీసి పెట్టెలో పెట్టేదాక మేము తలుపు తీయలేదు. తరువాత నలుగురము వంటగదిలో కూర్చొని తెల్లవారేదాక టీ త్రాగాము. అప్పటి నుండి ఇంటికి రావాలంటే ఎంత రాత్రి అయినా ముందు ఫోను చేయాలి.

1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే వైద్యుడు, ఆయన తోటివారు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన ప్రకటించారు. తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశము 2.7 రెట్లు అని అందులో తేలింది. ప్రమాదములో ఉన్నవారే తుపాకి కొంటారు గనుక ఆ లెక్క సరికాదని వాదించేవారున్నారు. మేము ఆ వాదములోనికి పోము. మమ్మును కలవరపెట్టినది మరొక లెక్క. 2021లో ఈ దేశములో తుపాకి వలన 48,830 మంది చనిపోయారు. వారిలో 26,328 మంది తమను తామే కాల్చుకొన్నవారు. దొంగను గూర్చి ఇంత ఆలోచించిన మేము దీనిని గూర్చి ఆలోచించనే లేదు.

2023 ఆరంభములో మా శ్రీమతి తమ్ముని కుమారునికి ఉద్యోగము పోయింది. (అతని అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము.) ఆ దినములలో పెద్ద కంపెనీలు వేలమందిని తీసివేస్తున్నాయి. హెచ్-1 వారికి అరువది దినములలో మరొక ఉద్యోగము దొరకాలి, లేదా దేశము విడువాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికి వచ్చాడు. పైగదిలో ఉండేవాడు. అన్నము సరిగా తినడు. రాత్రి మూడు గంటలకు ఆ గది దీపము వెలుగుతూ ఉంటుంది. ఇండియాలో తల్లిదండ్రులకు ఉద్యోగము పోయిన సంగతి చెప్పలేదు. ఇంటి కోసము తెచ్చిన అప్పు ఉన్నది. మేము ప్రార్థించాము, పలుకరించాము, చికెన్ వండాము. వీసా చిక్కు, కొద్ది రోజులలో తీరిపోతుందనుకొన్నాము.

ఒక రాత్రి మా శ్రీమతి లేచి కూర్చొని, "ఏమండీ, ఆ పెట్టె నంబరు మన పెళ్ళిరోజు కదా" అన్నది. అవును. "వాడు ప్రతి ఏడూ అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే మనకు ఫోను చేసి శుభాకాంక్షలు చెబుతాడు."

నంబరు మారుస్తే చాలదా అన్నాము. చాలదు, అది ఇంట్లోనే ఉండకూడదు అన్నది. తెల్లవారకముందే తూటాలు తీసి, తుపాకిని సంచిలో పెట్టి, సంఘ పెద్ద ఒకరి ఇంటికి తీసికొని వెళ్ళాము. ఆయన అమెరికా పౌరుడు, ఇంట్లో పెద్ద ఇనప్పెట్టె ఉన్నది. మమ్మును ఒక్క ప్రశ్న అడుగకుండా లోపల పెట్టుకొని, కాఫీ ఇచ్చారు.

ఆ సాయంత్రము మేనల్లునితో పెరటిలో కూర్చున్నాము. చావును గూర్చి అడిగితే లేని తలంపు పుట్టించినట్లవుతుందేమో అని మనవారికి భయము. వైద్యులు అట్లు కాదని చెబుతారు. బైబిలు కళాశాలలో మూడేండ్లు చదివాము గాని ఈ ప్రశ్న ఎట్లు అడగాలో ఎవరూ నేర్పలేదు. తిన్నగానే అడిగాము. "నాయనా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తున్నదా?" చాలసేపు నేల చూచాడు. "రెండుసార్లు, మామయ్యా" అన్నాడు. తరువాత అత్త ఒడిలో తల పెట్టుకొని ఏడ్చాడు. అప్పుడే 988కు ఫోను చేశాము. 2022 నుండి ఈ దేశమంతటా ఇటువంటివారి నిమిత్తము ఉన్న నంబరు అది. ఇండియాలో టెలిమానస్ 14416. ఆ వారములోనే వైద్యుని యొద్దకు తీసికొని వెళ్ళాము. తల్లిదండ్రులకు మేమే ఫోను చేసి చెప్పాము. వారు అప్పును గూర్చి ఒక్క మాట కూడ అనలేదు.

గడువు ముగియడానికి తొమ్మిది దినములుండగా అతనికి వేరొక ఊరిలో పని దొరికింది. అప్పటికీ మందులు వాడుతూనే ఉన్నాడు. అతడు వెళ్ళిన తరువాత కూడ అయిదు నెలలు తుపాకి పెద్దగారి ఇంటిలోనే ఉన్నది. ఆ అయిదు నెలలలో మా శ్రీమతి బాగానే నిద్రపోయిందని ఇక్కడ ఒప్పుకోవాలి.

తెనాలి పెద్దాయనకు ఇదంతా ఫోనులో చెప్పాము. ఆయన చాలసేపు విని, "అయితే మావాణ్ణి తిట్టొద్దంటారా?" అన్నారు. తిట్టవద్దు, మూడు ప్రశ్నలు అడగండి అన్నాము. తాళములో ఉన్నదా? గోడ అవతల ఎవరు పడుకొంటున్నారు? ఇంట్లో ఎవరి మనస్సైనా బాగులేకపోతే దానిని ఎవరి ఇంట పెడతాడో ముందే అనుకొన్నాడా? మరుసటి శనివారము మేము ఆ ఇంటికి భోజనమునకు వెళ్ళాము. అబ్బాయి తుపాకిని బట్టల అల్మరాలో పై అరలో, అట్టపెట్టెలోనే ఉంచాడు. గ్రీన్ కార్డు వచ్చినది, మనిషి మంచివాడు, రేంజికి మాత్రము ఒక్కసారి కూడ వెళ్ళలేదు. కోడలు దాని వంక చూడదు. మేము వెళ్ళేసరికి తెనాలి నుండి తండ్రి ఆ మూడు ప్రశ్నలూ అడిగివేసినారు. అతడు కొంచెము చిన్నబోయి ఉన్నాడు. తాళపు పెట్టె కొనుటకు అతనితోపాటు అంగడికి వెళ్ళాము. శిక్షణకు భార్యాభర్తలిద్దరూ పేర్లు ఇచ్చారు.

మా తుపాకి తిరిగి మా ఇంటికి వచ్చిన రోజున పెట్టె నంబరు మార్చాము. కొత్త నంబరు మా ఇద్దరికే తెలుసు. అది ఎవరి పెళ్ళిరోజూ కాదు, ఎవరి పుట్టినరోజూ కాదు.